పొరుగు బడి పుల్లకూర

ఆదివారం పొద్దున్నే ఇలాంటి మాటలు వినపడని ఇల్లు తక్కువ.

''ఇదిగో, చూశావా! ఫిన్లాండులో పిల్లల్ని ఏడో ఏడు వస్తేగానీ ఒకటో తరగతిలో చేర్చరట. హోంవర్కు కూడా అంతంతమాత్రమేనట.''

''ఆఁ... జపానులో బడిపిల్లలే తరగతి గదులు ఊడ్చుకుంటారటండీ. మనవాడు తిన్న కంచం సింకులో వెయ్యడు.''

''అదేం గొప్పమ్మా! మా చిన్నప్పుడు బడి ఊడవడం, నీళ్లు తేవడం అన్నీ మేమే చేసేవాళ్లం...'' తాతగారు అందుకుంటారు. ఈలోగా ఇంటర్ చదివే కుర్రాడు ఎవరి మాటా చెవిన పెట్టకుండా, బ్యాగు తగిలించుకుని వీకెండ్ టెస్టుకి వెళ్లిపోతాడు.

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. కూరల సంగతేమోగానీ చదువుల విషయంలో ఆ సామెతకు ప్రపంచమంతటా ఊళ్లున్నాయి. అమెరికా వాళ్లు జపాను లెక్కల క్లాసు చూసి ముచ్చటపడతారు. చైనావాళ్లు అమెరికా పిల్లల చొరవ చూసి నిట్టూరుస్తారు. మనం అందర్నీ చూసి నిట్టూరుస్తాం. ఆ పుల్లకూర నిజంగా రుచిగా ఉందా, ఉంటే ఆ రుచి కూరదా, వండిన చేతిదా, ఆ ఊరి నీళ్లదా... ఇది తేల్చుకోవడానికే అయిదారేళ్లు చదివేవాళ్లున్నారు. వాళ్లు చేసే పీహెచ్‌డీ పేరు కంపారిటివ్ అండ్ ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్. తెలుగులో తులనాత్మక విద్య అంటారు.

పేరు కొత్తగా అనిపించినా శాస్త్రం పాతదే. 1817లోనే మార్క్ ఆంత్వాన్ జూలియన్ అనే ఫ్రెంచాయన, యూరప్ దేశాల బడుల గురించి ఒకే రకం ప్రశ్నలడిగి జవాబుల్ని పట్టికలుగా పేర్చాలని ప్రణాళిక రాశాడు. న్యూయార్కులోని కొలంబియా టీచర్స్ కాలేజీలో 1899-1900లోనే దీన్ని పాఠంగా చెప్పారు. అయితే ఈ చదువులో చేరిన ప్రతి విద్యార్థీ మొదట్లోనే వినే పేరు మాత్రం ఇంకొకటి... మైకేల్ శాడ్లర్.

ఇంగ్లండు విద్యాశాఖలో పనిచేసిన ఈయన ఉద్యోగమే ఇతర దేశాల బడుల మీద నివేదికలు తయారుచేయించడం. అప్పట్లో ఇంగ్లండుకు జర్మనీ బడులంటే మహా మోజు. వాళ్ల పరిశ్రమలు దూసుకుపోతున్నాయి, కారణం వాళ్ల చదువులేనని అందరి నమ్మకం. 1900లో గిల్డ్‌ఫర్డ్‌లో మాట్లాడుతూ శాడ్లర్ ఓ పోలిక చెప్పాడు. తోటలో తిరిగే చిన్నపిల్లాడు ఒక మొక్కన పువ్వు, మరో మొక్కన ఆకులు తెంపి, తెచ్చి ఇంటి పెరట్లో గుచ్చితే చెట్టు బతుకుతుందా? దేశదేశాల చదువుల్ని ఏరుకొచ్చి కలిపేద్దామనుకోవడమూ అంతేనన్నాడు. బడిలో ఉన్నవాటికంటే బడి బయట ఉన్నవే ముఖ్యమనీ, లోపలివాటికి అర్థమిచ్చేవి అవేననీ ఆయన వాదన.

ఈ శాడ్లర్ మనకు తెలియనివాడేం కాదు. గ్రూప్స్, డీఎస్సీ పరీక్షలకు చదివినవాళ్లెవరైనా ఈ పేరు బట్టీపట్టే ఉంటారు. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్‌కు అధ్యక్షుడిగా వచ్చింది ఈయనే. ఇంటర్మీడియట్ తరగతుల్ని విశ్వవిద్యాలయాల నుంచి విడదీసి వేరే కాలేజీల్లో పెట్టండి, వాటికి వేరే బోర్డు ఉండాలి, డిగ్రీ మూడేళ్లు చెయ్యండి అని ఆ కమిషన్ 1919లో సిఫార్సు చేసింది. 1971లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడేనాటికి ఆ ఆలోచనకు యాభై ఏళ్లు. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్లిన కుర్రాడి గొడవలో శాడ్లర్ దొరగారికీ కాస్త వాటా ఉందన్నమాట! పక్కతోటలో పువ్వులు కోసి పెరట్లో గుచ్చొద్దన్న మనిషే మన పెరట్లో ఓ మొక్క నాటి వెళ్లాడు. అది ఎలా పెరిగిందో, కార్పొరేట్ కాలేజీల పందిరి మీద ఎటు పాకిందో మాత్రం ఆయన ఊహించి ఉండడు.

* * *

ఇప్పుడు ఫిన్లాండు సంగతి. 2000లో ఓఈసీడీ అనే దేశాల కూటమి పిసా పరీక్ష మొదలుపెట్టింది. పదిహేనేళ్ల పిల్లలకు చదవడం, లెక్కలు, సైన్సు ఎంతవరకు వచ్చో చూసే పరీక్ష అది. చదవడంలో ఫిన్లాండు పిల్లలు మొదటి స్థానంలో నిలిచారు. అంతే... ప్రపంచం నలుమూలల నుంచీ విద్యాశాఖ మంత్రులు, అధికారులు ఆ దేశానికి విమానాలెక్కారు. వాళ్లు వెనక్కి తెచ్చుకున్నది ఎక్కువగా కంటికి కనపడేవే. తక్కువ హోంవర్కు, పొడవాటి విరామాలు, రంగురంగుల తరగతి గదులు. టీచరు కావాలంటే మాస్టర్స్ డిగ్రీ ఉండాలన్న నియమం 1970ల నుంచీ ఉందనీ, ఊరి బడి, పట్నం బడి, డబ్బున్నవాళ్ల బడి అనే తేడా చెరిపేయడానికి వాళ్లకు చాలా ఏళ్లు పట్టిందనీ తెలుసుకున్నవాళ్లు తక్కువ.

ఇంకో చిక్కుంది. 2006లో ఫిన్లాండు పిల్లలకు లెక్కల్లో సగటున 548 పాయింట్లు వచ్చాయి. 2022 నాటికి 484కు పడిపోయాయి. మరి ఇప్పుడు ఏ ఫిన్లాండును చూసి నేర్చుకోవాలి? గెలిచినప్పటి దాన్నా, జారినప్పటి దాన్నా? రెండుసార్లూ ఒకటో తరగతిలో చేరింది ఏడేళ్లకే, హోంవర్కూ తక్కువే. తులనాత్మక విద్యలో పరిశోధన చేసే విద్యార్థికి పని మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. 'ఫలానాది చేశారు కాబట్టి గెలిచారు' అన్న వాక్యంలోని 'కాబట్టి'ని పట్టుకుని వేళ్లాడటమే ఆ చదువు.

మనదేశం సంగతీ చెప్పుకోవాలి. పిసా 2009 విడతలో తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్ పిల్లలు పాల్గొన్నారు. ఫలితాలొచ్చాక చూస్తే రెండూ పట్టిక అడుగున. ప్రశ్నలు మన పిల్లల జీవితాలకు దూరంగా ఉన్నాయని అధికారులన్నారు. మన బడులింతే అని పత్రికలు రాశాయి. 2021లో మళ్లీ పాల్గొందామనుకున్నారుగానీ, కొవిడ్ వల్ల ఆ పరీక్ష 2022కి జరిగింది, అందులో మనం లేం. ఈ రెండు మాటల్లో ఏది ఎంత నిజమో తెలియాలంటే ఎవరో ఒకరు ఆ ప్రశ్నపత్రం పట్టుకుని ధర్మపురిలోనో, కాంగ్డాలోనో తొమ్మిదో తరగతి పిల్లల పక్కన నెలల తరబడి కూర్చోవాలి. పిల్లలు తడబడింది లెక్క దగ్గరా, భాష దగ్గరా, లేక జవాబు సొంతంగా రాయమన్నందుకా అని చూడాలి. ర్యాంకుల పట్టిక ఆ పని చెయ్యదు.

* * *

అలా పక్కన కూర్చుని చూడటం ఎంత కష్టమో చెప్పే కథ ఒకటుంది. జోసెఫ్ టోబిన్, డేవిడ్ వూ, డానా డేవిడ్సన్ అనే ముగ్గురు పరిశోధకులు జపాన్, చైనా, అమెరికాల్లో ఒక్కో నర్సరీ బడిని ఎంచుకుని, ఒక రోజంతా జరిగేది వీడియో తీశారు. చేసిన తమాషా ఏమిటంటే, ఒక దేశం వీడియోను మిగతా దేశాల టీచర్లకు చూపించి, 'మీరేమంటారు?' అని అడిగారు. ఆ పుస్తకం 1989లో వచ్చింది.

జపాన్‌లో వాళ్లు ఎంచుకున్నది క్యోటోలోని ఓ బౌద్ధాలయానికి చెందిన బడి. అక్కడ హిరోకి అనే నాలుగేళ్ల పిడుగు. తోటివాడి చెయ్యి తొక్కుతాడు, బొమ్మల కార్డులు మేడ మీంచి కిందికి విసురుతాడు. ఓ పాప వచ్చి టీచరుకు ఫిర్యాదు చేస్తే, 'వెళ్లి నువ్వే ఏదో ఒకటి చెయ్యి' అని పంపేస్తుందావిడ. అమెరికా టీచర్లు ఈ వీడియో చూసి విస్తుపోయారు. ఈవిడ పట్టించుకోదేం, పిల్లాణ్ని ఆపదేం అని. జపాన్ టీచర్ల మాట వేరు. పెద్దవాళ్లు కలగజేసుకుంటే పిల్లలు ఒకరితో ఒకరు సర్దుకోవడం ఎప్పుడు నేర్చుకుంటారు? ఆవిడ చూడలేదనుకుంటున్నారా, చూస్తూనే ఉంది, కావాలనే ఆగింది!

అక్కడ ఒక టీచరుకు ముప్పైమంది దాకా పిల్లలు. అమెరికా వాళ్లకది ఘోరం. జపాన్ వాళ్లకేమో మరీ తక్కువమంది ఉంటేనే దిగులు, నలుగురిలో మెలగడం పిల్లలకెలా వస్తుందని. మన దగ్గరా టీచరుకు ముప్పైమంది, నలభైమంది పిల్లలున్న గదులకు కొదవలేదు. కానీ ఎవరూ అది మంచిదని అనుకుని అలా పెట్టలేదు కదా! అంకె ఒకటే, అర్థం వేరు. పట్టికలో చూస్తే రెండూ ఒకే గడిలో పడతాయి.

అసలు కొసమెరుపు ఇరవై ఏళ్ల తర్వాత. టోబిన్ బృందం అవే బడులకు మళ్లీ వెళ్లి చూసి రాసిన ఇంకో పుస్తకం 2009లో వచ్చింది. జపాన్ బడి పెద్దగా మారలేదు. చైనా బడి ఆటలు, సృజన, పిల్లల ఇష్టాలు అంటోంది. అమెరికా బడి అక్షరాలు, అంకెలు, పెద్దబడికి తయారీ అంటోంది. ఇద్దరూ గోడ దూకి ఒకరి పెరట్లోకి ఒకరు వెళ్లారు!

* * *

ఇక మన పెరట్లోంచి బయటికెళ్లిన పుల్లకూర కథ. ఈ శాస్త్రం చదివే ఏ దేశపు విద్యార్థికైనా ఇది తగులుతుంది. మనలో చాలామందికి తెలియదు.

1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల శరణాలయానికి అధికారి అయ్యాడు. పాఠాలు సాగడం లేదు, ఉన్న పంతుళ్లు కొత్త పద్ధతంటే ససేమిరా అంటున్నారు. ఓ రోజు దారిలో స్థానిక బడి ఒకటి కనపడింది. పిల్లలు ఇసుకలో వేళ్లతో అక్షరాలు దిద్దుతున్నారు. అదేదో బాగుందే అనుకుని, జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రాణ్ని పిలిచి చిన్నపిల్లలకు అలాగే అక్షరాలు నేర్పమన్నాడు. వాడు నేర్పేశాడు. పిల్లలకు పిల్లలే పాఠం చెప్పే ఆ పద్ధతి గురించి బెల్ 1797లో ఇంగ్లండులో చిన్న పుస్తకం అచ్చువేశాడు. మద్రాసు పద్ధతి అన్న పేరు అలా వచ్చింది.

అదే సమయంలో లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ అనే మరొకాయన దాదాపు అలాంటి బడే నడుపుతున్నాడు. పద్ధతి నాదంటే నాదని ఇద్దరి అనుచరులూ ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఎవరిదైతేనేం, అది అమెరికాకీ, దక్షిణ అమెరికాకీ పాకింది. బెల్ దాచుకున్న సొమ్ముతో ఆయన సొంతూరు సెయింట్ ఆండ్రూస్‌లో వెలసిన బడి పేరు నేటికీ మద్రాస్ కాలేజీయే.

అయితే ఈ ప్రయాణంలో ఏం మారింది? దానికి జవాబు మన సీమ కాగితాల్లోనే దొరుకుతుంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడుల లెక్క తీయమన్నాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ 1823లో నివేదిక పంపాడు. ఈయన తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసినవాడు కూడా. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉంది. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. తెలుగు నేర్పే బడులు 226, కన్నడం నేర్పేవి 235. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు నేర్పే మన పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకుని, ఇంగ్లండు దాన్ని అనుసరించడం సబబేనన్నాడు.

లెక్క వేసి చూడండి. బడికి సగటున పన్నెండుమంది. అరుగు మీద, పంతులుగారి కళ్లెదుట, పక్కింటి అన్నయ్య తమ్ముడికి 'అ' దిద్దించడం అది. లండన్‌లో అదే పద్ధతి ఒక్క హాలులో వందలమంది పిల్లల్ని వరసల్లో కూర్చోబెట్టి, ఒక్క జీతంతో నడిపే యంత్రమైంది. పంతుళ్లకు డబ్బు పెట్టడం ఇష్టం లేని చోటల్లా అందరికీ నచ్చింది. తర్వాత మిషనరీల చేతుల మీదుగా అది మనదేశానికే ఆంగ్లేయుల పద్ధతిగా తిరిగొచ్చింది. ఇక్కడేమో... ఒకప్పుడు బడులున్న చాలా ఊళ్లలో ఇప్పుడు లేవనీ, పేదరికం వల్ల పిల్లల్ని పంపలేకపోతున్నారనీ అదే నివేదికలో క్యాంప్‌బెల్ రాశాడు. పద్ధతి ప్రపంచమంతా తిరుగుతున్న ఆ కాలంలోనే అది పుట్టిన అరుగులు ఖాళీ అవుతున్నాయి.

* * *

పాత కథ అని తీసిపారెయ్యడానికి లేదు. 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. అప్పటి ఉపాధ్యాయుల నోట అది 'అపెప్'. పనిచేస్తూ నేర్చుకోవడం, గుంపులుగా కూర్చోబెట్టడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవి గోడల మీద పెట్టడం వంటి ఆరు సూత్రాలు. ఆ శిక్షణకు వెళ్లొచ్చిన మాస్టార్లు, టీచరమ్మలు ఇప్పుడు రిటైరై చాలా ఇళ్లలో తాతయ్యలు, అమ్మమ్మలుగా ఉన్నారు. అడిగి చూడండి, గోడల మీది బొమ్మల గురించి తప్పక చెబుతారు. గోడ మీద బొమ్మ పెట్టడం ఒక్కరోజు పని. టీచరు అడిగే ప్రశ్న తీరు మారడం ఎన్నేళ్ల పని? ఆ మార్పును ఎలా కొలవాలన్నది ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులకు పెద్ద సమస్యే అయింది. దాని మీదే వ్యాసాలు రాశారు.

దాదాపు ఆ కాలంలోనే మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో ఇంకో ప్రయత్నం జరిగింది. చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ పాఠశాలలు. ఒక్క టీచరు, అయిదు తరగతులు. ఏ తరగతికి చెప్పినా మిగతా నాలుగూ ఖాళీ. అక్కడ పనిచేసిన పద్మనాభరావు, రమ దంపతులు పాఠాల్ని ముక్కలుగా విడగొట్టి, కార్డులుగా రాసి, నిచ్చెన మెట్లలా పేర్చారు. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో వాడికే తెలుస్తుంది. తన కార్డు తనే తీసుకుంటాడు. నాలుగు రోజులు బడి మానేసి పొలానికెళ్లినా, తిరిగొచ్చి ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడతాడు. రోజుల లెక్కన పాఠం నడిచే బడిలో అలాంటి పిల్లవాడు వెనకబడిపోయేవాడే.

ఆ నిచ్చెన చాలా దూరం వెళ్లింది. 1995లో కర్ణాటకలోని హెచ్.డి.కోటె టీచర్లు వచ్చి చూసి వెళ్లి 'నలి-కలి' మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు దాన్ని అందుకున్నాయి. 2007 నాటికి తమిళనాడంతటా పరచుకుంది. జర్మనీలోని రెగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆసక్తిగా అధ్యయనం చేసింది. పదిహేనుమంది పిల్లలు, ఒకే టీచరు ఉన్న పల్లెబడి కోసం పుట్టిన నిచ్చెన... వేల బడులకు, ప్రభుత్వ ఉత్తర్వుతో, ఒక్కసారిగా వెళితే ఏమవుతుంది? టీచరు కూడా పిల్లలతోపాటు నేల మీద చాప మీద కూర్చుంటే, 'ఈవిడ పాఠం చెప్పడం లేదు' అనుకునే తల్లికి ఎవరు నచ్చజెప్పాలి? ఇలాంటి ఒక్క ప్రశ్న చాలు, ఓ థీసిస్‌కు.

* * *

ఇంతకీ ఆ పీహెచ్‌డీలో ఏం చేస్తారు? అమెరికాలో అయితే మొదటి రెండు మూడేళ్లు తరగతులు. స్టాటిస్టిక్స్, చరిత్ర, మానవశాస్త్రం, ఆర్థికశాస్త్రం తలా కొంచెం. తర్వాత పరీక్ష. ఆపై ఏం చూస్తారో, ఎక్కడ చూస్తారో రాసి ఒప్పించుకోవాలి. ఇంగ్లండులో మూడు నాలుగేళ్లలో ముగుస్తుంది, తరగతులు తక్కువ. ఎక్కడైనా అసలు కథ ఫీల్డువర్కే. పిల్లల్ని గమనించాలంటే తల్లిదండ్రుల అనుమతి పత్రాలు కావాలంటుంది విశ్వవిద్యాలయం. మన పల్లెలో కాగితం మీద సంతకమంటే, అది పొలం కాగితమేమోనని బెదిరే అమ్మలుంటారు. వెనక బెంచీలో నోటుబుక్కుతో కూర్చున్న మనిషిని తనిఖీకి వచ్చిన అధికారి అనుకుని మాస్టారు మొదటి నెలంతా గొంతు పెంచి పాఠం చెబుతారు. నిజం పాఠం కనపడేది ఆ తర్వాతే. అందుకే ఏడాది పడుతుంది.

ఇంట్లోవాళ్లు అడిగేది ఒక్కటే. ఉద్యోగమొస్తుందా? దాచడమెందుకు, సాఫ్ట్‌వేరులా క్యాంపస్‌కు వచ్చి ఎత్తుకెళ్లరు. విశ్వవిద్యాలయాల్లో బోధన, యునెస్కో, యునిసెఫ్, ప్రపంచబ్యాంకు లాంటి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ పథకాల మూల్యాంకనం... దారులు ఇవీ. వీటిలో ఓ పెద్ద దారి ఈమధ్యే మూసుకుపోయింది. పేదదేశాల బడులకు నిధులిచ్చి, ఇలా చదివినవాళ్లకు పని కల్పించిన యూఎస్‌ఎయిడ్‌ను అమెరికా ప్రభుత్వం 2025లో ఎత్తేసింది. కాబట్టి అప్పు చేసి వెళ్లే చదువు కాదిది. ఫెలోషిప్ చేతికొచ్చాకే పెట్టె సర్దుకోవడం మేలు. మనదేశంలోనే చెయ్యాలనుకుంటే ఢిల్లీలో నీపా, జేఎన్‌యూలో జాకిర్ హుస్సేన్ కేంద్రం, హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం, టిస్ ఉన్నాయి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు. 2023లో పెంచిన మొత్తం ఇది.

ఇంతకంటే లోతైన చిక్కు వేరే ఉంది. ఇంగ్లండు పరిశోధకుడు రాబిన్ అలెగ్జాండర్ 2000 ప్రాంతంలో అయిదు దేశాల తరగతి గదుల్ని పోల్చి పెద్ద పుస్తకం రాశాడు. ఇంగ్లండు, ఫ్రాన్స్, రష్యా, అమెరికా, మనదేశం. ఆయన వచ్చి మన బడి చూశాడు. మనవాళ్లెందరు వెళ్లి ఫ్రాన్స్ బడిని చూసి రాశారు? వాళ్ల పిల్లలు పీహెచ్‌డీకి పొరుగుదేశం వెళ్తే ఆ దేశాన్ని చదువుతారు. మన పిల్లలు ఎక్కువగా అక్కడికెళ్లీ మన ఊరినే చదువుతారు. దళిత, సంచార జాతుల విద్యార్థులకు విదేశీ చదువుకు సాయమిచ్చే కేంద్రప్రభుత్వ స్కాలర్‌షిప్పులో 2022లో భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనాంశాలను మినహాయించారు. ఊరి బడి గురించి చెప్పడానికి అందరికంటే ఎక్కువ ఉన్న పిల్లలకు అలా ఒక తలుపు మూశారు. ఇతర దేశాల బడుల్ని చూసేందుకైనా ప్రోత్సాహం ఉందా అంటే, ఆ భాష నేర్చుకోవడానికే రెండేళ్లు కావాలి, ఆ ఖర్చు ఎవరు పెడతారు?

అలా చూసినవాళ్లు లేకపోలేదు. కృష్ణకుమార్ కెనడాలోని టొరంటోలో పీహెచ్‌డీ చేస్తూ, ఒంటారియో పిల్లల వాచకాల్నీ మధ్యప్రదేశ్ పిల్లల వాచకాల్నీ పక్కపక్కన పెట్టి చదివారు. తర్వాత 2001లో వచ్చిన పుస్తకంలో స్వాతంత్ర్యోద్యమం గురించి భారత్, పాకిస్థాన్ పాఠ్యపుస్తకాలు ఏం చెబుతున్నాయో పోల్చారు. మన పిల్లలకు 1942 క్విట్ ఇండియా పెద్ద ఘట్టం. పక్క దేశం పుస్తకాల్లో దాని ఊసే అంతంతమాత్రం. వాళ్లకు 1940 లాహోర్ తీర్మానమే మలుపు. తర్వాత 2004లో ఆయన ఎన్సీఈఆర్టీ డైరెక్టరయ్యారు. ఆయన హయాంలోనే జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం-2005 వచ్చింది. దాన్ని అనుసరించి ఆంధ్రప్రదేశ్ 2011లో సొంత చట్రం రాసుకుంది, మన పిల్లల పుస్తకాలు మారాయి. టొరంటో లైబ్రరీలో రెండు దేశాల వాచకాలు తిరగేసిన చూపు తిరిగి తిరిగి మన ఆరో తరగతి దాకా వచ్చిందన్నమాట.

ఈసారి తెలుగింటి నుంచి ఎవరైనా వెళితే ఏం పోల్చొచ్చు? మారిషస్ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో తెలుగు ఐచ్ఛిక పాఠం. తాతల తాతలు చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లినవాళ్ల పిల్లలు దాన్ని చదువుతారు. హోసూరు చుట్టుపక్కల తెలుగు పిల్లలకు 2006 చట్టం ఒకటో తరగతి నుంచీ తమిళం తప్పనిసరి చేసింది. వాళ్లు పదో తరగతికొచ్చేసరికి పరీక్ష ఏ భాషలో రాయాలన్నది కోర్టు దాకా వెళ్లింది. కాలిఫోర్నియాలో వారాంతపు 'మనబడి'కి నాన్న కారులో దింపుతాడు. తెలంగాణలో 2018 చట్టం పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి పాఠం చేసింది, అయినా మిగతా పుస్తకాలన్నీ ఇంగ్లిషులో ఉన్న పిల్లలెందరో. ఒకే 'అ' నాలుగు చోట్ల. ఎక్కడ పిల్లవాడు దాన్ని ఇష్టంగా రాస్తున్నాడు, ఎక్కడ మార్కుల కోసం, ఎక్కడ అమ్మమ్మ కోసం? ముందుగా ఆ నాలుగు చోట్ల ఒకటో తరగతి వాచకాలు సంపాదించి ఒకే బల్ల మీద పరుచుకోవాలి. మారిషస్‌ది దొరకడమే కాస్త ఆలస్యం కావచ్చు.